ఎలుక తేల్చిన రంగు

పత్తికి పచ్చదోమ పట్టినా, మిరపకు పురుగు తగిలినా రైతు పరుగెత్తేది మందుల దుకాణానికే. "గట్టి మందు ఇవ్వండి" అని అడగడం పరిపాటి. దుకాణదారు బీరువాలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెడతాడు. డబ్బా మీది అక్షరాలు చీమ తలకాయంత వుంటాయి. చదివే ఓపిక, తీరిక ఎవరికీ వుండవు. అయితే పేకముక్క మీది డైమన్ ఆకారంలో ఒక గుర్తు, దాని కింది సగంలో ఒక రంగు మాత్రం చదువు రానివారికి కూడా కనిపిస్తాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎర్రది ఘాటు మందు అని, మిగతావి మెత్తవని రైతులు లెక్క కట్టుకుంటారు.

ఈ లెక్కలో కొంత నిజం వుంది, కొంత ప్రమాదం కూడా వుంది. మొదటి తిరకాసు మాటలోనే వుంది. 'పచ్చ' అంటే కొందరికి పసుపు, కొందరికి ఆకుపచ్చ. "పచ్చ గుర్తు మందేలే, ఏం కాదు" అని ఒకరంటే విన్నవారు ఏ పచ్చ అనుకున్నారో దేవుడికెరుక. నాలుగు రంగుల్లో ఆకుపచ్చ అన్నిటికన్నా కింది మెట్టు కాగా, పసుపు పైనుంచి రెండవ మెట్టు. పసుపు గుర్తు పైన 'విషం' అనే మాట ఎర్ర అక్షరాలతో అచ్చువేసి వుంటుంది.

ఇంతకూ ఈ రంగును ఎవరు నిర్ణయిస్తారు? కంపెనీ ఇష్టం కాదు. వ్యవసాయాధికారి ఇష్టమూ కాదు. ప్రయోగశాలలో తెల్ల ఎలుకలకు మందు పట్టించి, ఎంత మోతాదుకు ఎన్ని చచ్చాయో చూసి తేల్చిన అంకెను బట్టి ఆ రంగు వస్తుంది.

గొట్టంతో పట్టిస్తారు

ఇవి ధాన్యం బస్తాలు కొరికే ఇంటి ఎలుకలు కావు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వున్న విస్టార్ సంస్థలో 1906 నుంచి పెంచుతూ వచ్చిన తెల్ల ఎలుకల సంతతి ప్రపంచమంతటా ప్రయోగశాలలకు పాకింది. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా దశాబ్దాలపాటు ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్ళు వంటి ప్రయోగ జంతువులను పెంచి దేశంలోని ప్రయోగశాలలకు పంపింది.

పరీక్షకు ఎనిమిది నుంచి పన్నెండు వారాల వయసు గల ఆరోగ్యవంతమైన ఎలుకలను ఎంచుతారు. ఎక్కువగా ఆడవాటినే తీసుకుంటారు. అవి చూలుతో వుండకూడదు, అంతకుముందు ఈని వుండకూడదు. గదిలో వేడి 22 డిగ్రీల దరిదాపుల్లో వుండాలి. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. మన ఆస్పత్రి వార్డులకు కూడా ఇంత మర్యాద జరగదు.

ముందురోజు రాత్రి మేత తీసేసి, నీళ్ళు మాత్రం వుంచుతారు. తెల్లవారి ఒక్కొక్క ఎలుకను తూకం వేస్తారు. దాని బరువును బట్టి మందు కొలిచి, నీటిలోనో నూనెలోనో కలిపి, సన్నని గొట్టాన్ని గొంతుగుండా పొట్టలోకి దింపి ఒకేసారి పట్టిస్తారు. అక్కడినుంచి కాపలా మొదలవుతుంది. మొదటి అరగంటలో ఒకసారైనా తప్పక చూడాలి. మొదటి నాలుగు గంటలు మరింత శ్రద్ధగా చూడాలి. ఆ తర్వాత పద్నాలుగు రోజులపాటు రోజూ చూడాలి. వణికిందా, చొంగ కార్చిందా, విరేచనమయిందా, మగతగా పడివుందా, ఊపిరి ఎలా తీస్తోంది, ఏ వేళకు చచ్చింది, ఇవన్నీ పుస్తకంలో ఎక్కిస్తారు. కోలుకోలేక బాధపడుతున్న వాటిని ఇంకా బాధ పెట్టకుండా చంపేయాలని నియమం. రెండు వారాలూ బతికి బట్టకట్టిన వాటిని కూడా చివరికి చంపి, కోసి, కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు ఎలా వున్నాయో చూస్తారు. బతికి బయటపడే ఎలుక వుండదు.

నువ్వుగింజ లెక్క

ఈ పరీక్షలో తేలే అంకెను ఎల్.డి.50 అంటారు. ఎల్.డి. అంటే ప్రాణం తీసే మోతాదు. 50 అంటే నూటికి యాభై. ఎలుకల గుంపులో సగం చచ్చే మోతాదు అన్నమాట. అన్నీ చచ్చే మోతాదు తీసుకోవచ్చు గదా, సగమెందుకు అని ఎవరికైనా తోచవచ్చు. ఒకే ఎండకు ఒక కూలి పదిగంటలకే పడిపోతాడు, మరొకడు పొద్దు గూకేదాకా గడ్డపార వేస్తాడు. ఎలుకలూ అంతే. మొదట చచ్చేదాన్నో, చివర చచ్చేదాన్నో నమ్ముకుంటే లెక్క నిలవదు. నడిమి అంకె నిలకడగా వుంటుంది.

ఈ అంకెను ఒక కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు. అంకె చిన్నదయిన కొద్దీ విషం పెద్దది. పత్తి రైతులు ఏళ్ళ తరబడి వాడిన మోనోక్రోటోఫాస్ తీసుకుంటే దాని అంకె 14. రెండువందల గ్రాముల ఎలుకకు మూడు మిల్లీగ్రాములు కూడా అక్కరలేదు. ఒక నువ్వుగింజ తూగేది దాదాపు అంతే. ఆకుమచ్చ తెగుళ్ళకు కొట్టే మాంకోజెబ్ అంకె 8000 పైన. అదే ఎలుకకు గ్రామున్నర దాటిపోతుంది. నువ్వులతో తూస్తే అయిదు వందల గింజలు దాటుతాయి. ఆ తేడాయే డబ్బా మీద ఎరుపుగా, ఆకుపచ్చగా కనిపిస్తుంది.

నిబంధనల ప్రకారం నోటి ద్వారా ఇచ్చిన మందు అంకె 1 నుంచి 50 వరకు వుంటే ఎరుపు. దానిపైన పుర్రె, ఎముకల బొమ్మ, 'విషం' అనే మాట వుండాలి. 51 నుంచి 500 వరకు పసుపు. బొమ్మ వుండదు గాని 'విషం' అనే మాట వుంటుంది. 501 నుంచి 5000 వరకు నీలం, మాట 'ప్రమాదం'. 5000 దాటితే ఆకుపచ్చ, మాట 'జాగ్రత్త'. ఆకుపచ్చ అంటే విషం కాదని ఎక్కడా లేదు. పిల్లలకు అందకుండా వుంచాలన్న హెచ్చరిక మొదటి మూడు రంగులకూ సమానమే.

చిత్రమేమంటే వంటింటి ఉప్పుకు కూడా ఈ పరీక్ష చేశారు. ఎలుకలకు దాని అంకె సుమారు 3000. పురుగుమందుల లెక్క వర్తింపజేస్తే ఉప్పు డబ్బాకు నీలం గుర్తు వేయవలసి వస్తుంది. ఉప్పు విషమని దీని అర్థం కాదు. ఒక్కసారిగా ఎంత తింటే చస్తుంది అన్న ఒక్క ప్రశ్నకే ఈ పరీక్ష జవాబు చెబుతుంది. రోజూ కొంచెం కొంచెం ఒంట్లోకి పోతే పదేళ్ళకు ఏమవుతుంది అన్నది దీనిలో తేలదు. దానికి వేరే పరీక్షలు, నెలలు, సంవత్సరాలు పట్టేవి వున్నాయి. వాటి ఫలితానికి డబ్బా మీద రంగు లేదు.

గోధుమపిండిలో విషం

ఈ పరీక్షను మొదట కనిపెట్టింది పురుగుమందుల కోసం కాదు. 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రోగుల కోసమే దీనిని ప్రవేశపెట్టాడు. గుండె జబ్బుకు వాడే డిజిటాలిస్, చక్కెర జబ్బుకు వాడే ఇన్సులిన్ వంటి మందుల బలం ఆ రోజుల్లో ఒక్కో తయారీకి ఒక్కో రకంగా వుండేది. ఆ బలాన్ని సరిచూసేందుకు పెట్టిన కొలమానం క్రమంగా ఫ్యాక్టరీ రసాయనాలన్నిటికీ పాకింది.

మన దేశంలో చట్టం రావడానికి మాత్రం ప్రాణాలే పోవలసి వచ్చింది. 1958లో కేరళలో, మద్రాసు రాష్ట్రంలో అనేకులు తిండి తిన్న కొద్దిసేపటికే పడిపోయారు. వందమందికి పైగా చనిపోయారు. రవాణాలో పారాథియాన్ అనే పురుగుమందు కారి గోధుమపిండిలో కలిసిందని తేలింది. విచారణలు, సిఫారసులు నడిచాయి. పదేళ్ళకు, 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. 1971లో నిబంధనలు వచ్చాయి. నాలుగు రంగులు ఆ నిబంధనల్లోవే. ఏ మందునైనా నమోదు చేయాలంటే కంపెనీ దాని విష పరీక్షల వివరాలు కేంద్రానికి దాఖలు చేయాలి.

ఎలుకల పక్షాన కూడా కొందరు మాట్లాడారు. ఒకప్పుడు ఒక్క రసాయనానికే యాభై, అరవై జంతువులు, కొన్నిచోట్ల వంద దాకా చచ్చేవి. స్విట్జర్లాండుకు చెందిన విష శాస్త్రవేత్త గెర్హార్డ్ జ్బిండెన్ 1981లో ఈ పద్ధతిని తూర్పారబట్టాడు. ఎలుకల జాతి మారినా, వయసు మారినా, మేత, గది వేడి మారినా అంకె మారిపోతుందని, అంత కచ్చితమైన అంకె కోసం అన్ని ప్రాణాలు తీయడం దండగ అని ఆయన వాదన. ఆ వాదన నెగ్గడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అభివృద్ధి చెందిన దేశాల కూటమి పాత పద్ధతిని 2002 డిసెంబరులో తన మార్గదర్శకాల నుంచి తొలగించింది. ఇప్పటి పద్ధతుల్లో ఒకదాని ప్రకారం మూడేసి ఎలుకలతో మెట్టుమెట్టుగా చూస్తారు. కిలోకు 5, 50, 300, 2000 మిల్లీగ్రాములు మెట్లు. సాధారణంగా రెండు నుంచి నాలుగు మెట్లలో పని తెమిలిపోతుంది. మన దేశంలో జంతువులపై ప్రయోగాలకు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ పర్యవేక్షణ వుంది.

మూడింటికీ పసుపే

రైతుకు కావలసిన అసలు సంగతి ఇకముందే వుంది. ఎలుక చెప్పిన అంకె మనిషికి ఎంతవరకు పనికివస్తుంది?

ఎలుకకు వాంతి రాదు. దాని ఒంటి నిర్మాణమే అంత. మనిషికి వస్తుంది. ఎలుక కాలేయం కొన్ని రసాయనాలను విరిచేసే తీరు వేరు, మనిషి కాలేయం తీరు వేరు. కనుక ఎలుకలో పక్కపక్కనే కూర్చున్న రెండు మందులు మనిషిలో ఆమడ దూరం పోవచ్చు. ఇది ఊహ కాదు, ఆస్పత్రుల్లో లెక్క తీసిన విషయం.

క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్, పారాక్వాట్ మూడూ మన రైతులు ఎరిగిన పేర్లే. మొదటి రెండూ పురుగుమందులు, మూడవది కలుపుమందు. ఎలుకల పరీక్షలో క్లోర్‌పైరిఫాస్ అంకె 135, డైమిథోయేట్ 150, పారాక్వాట్ కూడా 150. మూడూ పసుపు గీతల మధ్యనే వున్నాయి. శ్రీలంక ఆస్పత్రుల్లో చేరిన విష బాధితులను డాక్టర్లు ఏళ్ళ తరబడి గమనించారు. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం క్లోర్‌పైరిఫాస్ బాధితుల్లో నూటికి 8 మంది చనిపోగా, డైమిథోయేట్ బాధితుల్లో నూటికి 23 మంది చనిపోయారు. 2010లో 9,302 మంది వివరాలతో మరో నివేదిక వచ్చింది. అందులో పారాక్వాట్ బాధితుల మరణాలు నూటికి 40 దాటాయి. ఒకే తరగతిలో వున్న మందుల మధ్య ఇంత తేడా వుంది.

డైమిథోయేట్ విషయంలో మరో సంగతి తర్వాత బయటపడింది. మందును కరిగించేందుకు కలిపే సైక్లోహెక్సనోన్ అనే ద్రావకానికి కూడా దాని విషంలో భాగముందని చిన్నజాతి పందులపై జరిపిన ప్రయోగాల్లో తేలింది. డబ్బాలో వుండేది ఒక్క మందే కాదని దీనివల్ల అర్థమవుతుంది.

పారాక్వాట్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఇది ఊపిరితిత్తుల్లో చేరి పోగుపడుతుంది. మింగినవారికి మొదట నోరు, గొంతు పుండ్లు పడతాయి, వాంతులవుతాయి. మనిషి మాత్రం తెలివిలోనే వుంటాడు, మాట్లాడతాడు. "గండం గడిచింది" అనుకుని ఇంటికి తీసుకుపోయే వారున్నారు. తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తులు బిరుసెక్కి రోజుల్లోనో, వారాల్లోనో ఊపిరి అందదు. దీనికి విరుగుడు మందు ఇంతవరకు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో కూడా ఈ మందు పక్కన, ఒంట్లోకి పోతే ఆలస్యంగా తీవ్ర పరిణామాలు వుంటాయని ప్రత్యేకంగా రాశారు. యూరప్ దేశాల కూటమిలో 2007 నుంచి దీని వాడకం లేదు. శ్రీలంక 2008 నుంచి దశలవారీగా దీనిని తీసేసింది. డబ్బా మీద మాత్రం ఎలుక ఇచ్చిన అంకెను బట్టి పసుపే. ఎరుపుకన్నా మెత్తదని ఎవరైనా నమ్మితే ఆ తప్పు వారిది కాదు.

వీపు మీద కారే మందు

మందు కొట్టేవారు దాన్ని తాగరు గదా, ఈ గొడవంతా ఎందుకు అనవచ్చు. చర్మానికి కూడా పరీక్ష వుంది. ఎలుక వీపు మీద బొచ్చు కత్తిరించి, ఒంటిలో పదోవంతు మేర మందు పూసి, గుడ్డ కట్టి 24 గంటలు వుంచుతారు. రంగుల నిబంధనల్లో చర్మానికి వేరే గీతలున్నాయి. 200 వరకు ఎరుపు, 2000 వరకు పసుపు, 20000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ.

కాని ప్రయోగశాలలో చెమట పట్టదు. మిరప చేలో మిట్టమధ్యాహ్నం వీపున పంపు తగిలించుకున్న కూలికి చొక్కా తడిసి ముద్దవుతుంది. పంపు మూత కారుతుంది. గాలి ఎదురు తిరుగుతుంది. కాళ్ళకు గీరుకున్న గాట్లు వుంటాయి. పైగా ఎలుకకు ఒక్క మందే పట్టించారు. ఇక్కడ పురుగుకొకటి, తెగులుకొకటి, ఏపుకొకటి అని మూడు నాలుగు రకాలు ఒకే బకెట్లో పోసి చేత్తోనే కలుపుతున్నారు. ఆ కలగాపులగానికి ఏ ప్రయోగశాలా అంకె కట్టలేదు. దుకాణదారు చెప్పిన కలయికే శాస్త్రంగా నడుస్తోంది.

ఆదిలాబాదుకు పొరుగునే వున్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. వారు మందు మింగలేదు. చేలో కొడుతుండగా ఒంటికి తగిలింది, గాలితోపాటు లోపలికి పోయింది.

ఇక ఇళ్ళలో వుండేది పన్నెండు వారాల ఆరోగ్యవంతమైన ఎలుకలు కావు. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివారు వుంటారు. ఖాళీ అయిన డబ్బాను కడిగి కిరసనాయిలుకో, ఉప్పుకో వాడుకోవడం పల్లెల్లో మామూలే. బీహారులోని సారణ్ జిల్లాలో ఒక పల్లెబడిలో 2013 జూలై 16న మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ వున్నట్లు పరీక్షలో తేలింది. ఆ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధం వుంది. దాని 36 శాతం ద్రవాన్ని నిషేధిస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఖాళీ డబ్బాలను పగలగొట్టి, నీటి వనరులకు దూరంగా పాతిపెట్టాలని డబ్బా మీదే రాసి వుంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో.

డాక్టరు అడిగేది పేరు

ఆస్పత్రికి తెచ్చినవారిని "ఏం మందు?" అని డాక్టరు అడిగితే "పసుపు గుర్తుదండీ", "తెల్ల డబ్బాదండీ" అని జవాబు వస్తుంటుంది. ఆ జవాబుతో డాక్టరు చేయగలిగింది కొద్దే. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్ ఒక జాతివి. ఎలుకల్లో చూసిన చొంగ, వణుకు, విరేచనాలు మనుషుల్లోనూ కనిపిస్తాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది. వీటికి అట్రోపిన్ సూదిమందు వుంది. వేళకు అందితే చాలామంది బతికి బయటపడుతున్నారు. పారాక్వాట్‌కు అది పనిచేయదు. ఊపిరి ఆడని ఏ రోగికైనా డాక్టరు ముందుగా పెట్టేది ప్రాణవాయువు. పారాక్వాట్ రోగికి తొలిదశలో తొందరపడి దాన్ని పెడితే ఊపిరితిత్తులకు మరింత చెరుపు జరుగుతుంది. ఒక మందుకు చేసే వైద్యం ఇంకో మందుకు చేటు కావచ్చునన్నమాట.

అందువల్ల 108 బండి ఎక్కించేటప్పుడు మనిషితోపాటు డబ్బాను, దొరికితే దానితో ఇచ్చిన కాగితాన్ని కూడా సంచిలో వేసి పంపాలి. మందు అసలు పేరు, ఎంత శాతం, విరుగుడు ఏమిటి అన్నవి డబ్బా మీద, ఆ కాగితంలో వుంటాయి. కాగితంలో తెలుగులో కూడా ముద్రించి వుంటుంది. దుకాణంలో డబ్బా కొన్నప్పుడు ఆ కాగితాన్ని అడిగి తీసుకునే హక్కు రైతుకుంది. చాలా దుకాణాల్లో అది అట్టపెట్టెలోనే వుండిపోయి, సాయంత్రానికి చెత్తతోపాటు బయటికి పోతోంది.